దాహంతో వేరు దిగదు

మొక్కలు నాటేచోట ఒక పెద్దమనిషి తప్పకుండా తగులుతాడు. బిందె ఎత్తినవాణ్ణి ఆపి, ‘‘అన్ని నీళ్లు పోయకు, అలవాటు పడిపోతుంది. కాస్త ఎండగట్టు, వేరు నీళ్లు వెతుక్కుంటూ అదే లోతుకు పోతుంది’’ అంటాడు. ఎడారి మొక్కల దగ్గరికొస్తే ఈ మాటకు ఇక ఎదురే లేదు. థార్‌లో పెరిగే ఫోగ్, కరీర, జమ్మి ఎలాగూ మొండి జాతులు, లేతప్పుడే ఎండకు అలవాటు చేయాలంటారు. పిల్లల పెంపకంలో మనకున్న నమ్మకాన్నే తెచ్చి మొక్కకు అంటగట్టాం కాబట్టి వినడానికి బాగానే ఉంటుంది. ఆ నీతి వేరుకు తెలియదు.

వేరు పెరగడమంటే దాని కొన దగ్గరి కణాలు నీళ్లు పీల్చి, ఉబ్బి, సాగడం. ఆ ఉబ్బు ఒత్తిడితోనే అది మట్టిని పక్కకు నెట్టుకుంటూ పోతుంది. తడి బొత్తిగా ఆరిపోతే ఆ ఒత్తిడి పడిపోతుంది, నేల కూడా గట్టిపడిందంటే సాగడం ఆగుతుంది. వేరుకు తడివైపు వంగే గుణం ఉన్నమాట నిజమే. కానీ అది కొన చుట్టూ ఉన్న తేమలో తేడాను మాత్రమే పసిగడుతుంది. మీటరు కింద ఉన్న నీటి జాడ దానికి అందదు. పిల్లవేళ్లు కూడా తల్లివేరుకు తడి తగిలే పక్కనే పుడతాయని 2014లో వెలువడిన ఒక పరిశోధన చూపింది. అంటే వేరు నీటిని వెతకదు, నీళ్లు ఇంకిన దారినే పోతుంది.

అనుమానముంటే ఇసుక నేలలో నాటిన మొక్కకు నీళ్లు పోసిన మర్నాడు, పక్కగా గుంత తీసి చూడండి. పైన తడిసిన ఇసుక ముదురు రంగులో ఉంటుంది, పిడికిట్లో ముద్దకడుతుంది. దాని కింద గీత గీసినట్టు రంగు మారి, చేతివేళ్ల సందుల్లోంచి జారిపోయే పొడి ఇసుక మొదలవుతుంది. లేత వేళ్ల తెల్లటి కొనలు ఆ గీతకు పైనే ఉంటాయి.

ఇక లెక్క చూద్దాం. ఇసుక తన ఘనపరిమాణంలో సుమారు పదో వంతు నీటిని పట్టి ఉంచుతుంది. కాబట్టి మిల్లీమీటరు నీరు సెంటీమీటరు లోతును తడుపుతుంది. అర మీటరు వెడల్పు పాదులో రోజూ అర లీటరు పోస్తే తడిసేది రెండున్నర సెంటీమీటర్లు. జోధ్‌పూర్ ఎండకు సాయంత్రానికల్లా అందులో చాలా భాగం ఆవిరే. అదే ఏడు రోజుల నీళ్లూ ఒక్కసారి పోస్తే తడి 17 సెంటీమీటర్లు దాటుతుంది. 20 లీటర్లు పోస్తే మీటరు. రోజూ చెంబెడు పోస్తే వేళ్లు పైపైనే తిరుగుతాయని మన పెద్దమనిషి అనేది ఇక్కడ నిజమే. కానీ దానికి విరుగుడు తక్కువ నీళ్లు పోయడం కాదు, లోతుకు దిగేలా పోసి విరామం ఇవ్వడం. ఆ విరామంలో పైపొర ఆరుతుంది, కింద తడి మిగులుతుంది, వేరు దిగుతుంది. ఎండగట్టడం వల్ల వేరు దిగిందని మనం అనుకునేచోట దాన్ని దింపింది ఈ అడుగు తడే. తక్లమకాన్ ఎడారి అంచున అల్హాజీ పొదలు భూగర్భ జలం మీదే బతుకుతాయి. అలాంటిచోట పైన నీళ్లు తగ్గిస్తే వేరు కిందికి పోవచ్చు, ఎందుకంటే కింద నీళ్లున్నాయి. అడుగంతా పొడిగా ఉన్న దిబ్బ మీద అదే పని చేస్తే మొక్క చస్తుంది.

చదువుకున్నవాళ్లు మరో సాక్ష్యం తెస్తారు. ఎండగట్టిన మొక్కల్లో కాండంతో పోలిస్తే వేరు పాలు పెరుగుతుందని పరిశోధనలు చెబుతున్నాయి కదా అంటారు. చెబుతున్నాయి. అయితే నిష్పత్తిని పరిమాణం అనుకోవడమే చిక్కు. బాగా నీళ్లు తాగిన మొక్కకు 10 గ్రాముల కొమ్మా రెమ్మా, 5 గ్రాముల వేరు ఉన్నాయనుకుందాం. ఎండగట్టినదానికి పైన 4, కింద 3. నిష్పత్తి సగం నుంచి ముప్పాతికకు పెరిగింది, వేరు మాత్రం రెండు గ్రాములు తగ్గింది. రేపు ఎండాకాలం గట్టెక్కించాల్సింది ఆ మూడు గ్రాముల వేరే. నాటే ముందు కొన్నాళ్లు నర్సరీలో నీళ్లు తగ్గించి ఆకును గట్టిపరచడం వేరే సంగతి. దాంతో నాకు పేచీ లేదు.

ఎడారి అంటేనే లోతైన వేళ్లు అన్నదీ సగం నిజమే. అరిజోనాలో ఒక గని తవ్వకంలో 53 మీటర్ల లోతున మెస్కీట్ చెట్టు వేరు బయటపడిందని 1963లో రాశారు. అదే నేలలోని సాగువారో కాక్టస్ వేళ్లు ఎక్కువగా పైపొరలోనే, మొక్క చుట్టూ దూరంగా పాకుతాయి. ఒకే ఎడారి, ఒకే కరువు. రెంటికీ తేడా జాతిలోనూ, అది ఏ లోతు నీటిని నమ్ముకుందన్నదానిలోనూ ఉంది.

ఎండగట్టాలనే వాదానికి ఈమధ్య దొరికిన గొప్ప ఆసరా ‘ఒక్క లీటరు’ పద్ధతి. రాజస్థాన్‌లోని సీకర్ జిల్లా దాంతా గ్రామ రైతు సుందరం వర్మకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆయన నాటేటప్పుడు మొక్కకు లీటరు నీళ్లు పోస్తారు, అంతే. చూశారా, ఎండగడితే ఎంత బాగా బతుకుతున్నాయో అంటూ ఆయన్నే సాక్షిగా నిలబెడుతున్నారు. అంతకుముందు ఆయన ఏం చేస్తారో ఎవరూ చెప్పరు. తొలివానకు లోతుగా దున్ని వాననీటిని ఇంకిస్తారు. వానలు ముగిసేముందు మళ్లీ దున్ని, ఆ నీరు పైకి పాకి ఆవిరయ్యే దారుల్ని తెగ్గొడతారు. కలుపును బతకనివ్వరు. వేళ్లు తడి పొరలో ఉండేలా లోతుగా నాటుతారు. 450 మిల్లీమీటర్ల వాన పడిందంటే చదరపు మీటరుకు 450 లీటర్లు. అందులో సగానికి సగం పోయినా, మొక్కకు అందుబాటులో ఉన్నది లీటరు కాదు, రెండు వందల పైచిలుకు లీటర్లు. నీళ్లను నేలలోనే దాచి పెట్టిన మనిషిని నీళ్లు మాన్పించిన మనిషిగా చూపిస్తున్నారు.

ఆ దుక్కులు, కలుపుతీత వదిలేసి, లీటరు మాట ఒక్కటే పట్టుకుని, మే నెలలో పొడి ఇసుకలో గుంత తీసి మొక్క పెట్టేవాళ్లున్నారు. అది పదిహేను రోజుల్లో మాడిపోతే, నారు మంచిది కాదని రాసుకుని కొత్త నారుకు ఇండెంట్ పెడతారు.