మంత్రగత్తెలు ఒక్క అబద్ధం కూడా ఆడలేదు!

చందమామలో భేతాళ కథలు చదవనివాడు, కనీసం విననివాడు మన తెలుగువాళ్ళలో అరుదు. చెట్టు మీది శవాన్ని భుజాన వేసుకుని విక్రమార్కుడు నడుస్తుంటాడు. శవంలోని భేతాళుడు కథ చెప్పి, చివర ఒక ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. చెబితే మౌనం చెడి శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. ఎటు పోయినా చిక్కే! కాకపోతే అక్కడ తేల్చుకోవలసింది విక్రమార్కుడు. మనం హాయిగా చదువుకుంటాం.

మరి మనమే తేల్చుకోవలసి వస్తే? 1979లో ఎడ్వర్డ్ ప్యాకర్డ్ అనే అమెరికా రచయిత అలాంటి పుస్తకమే రాశాడు. పేరు 'ద కేవ్ ఆఫ్ టైమ్'. పేజీ చివర కథ ఆగుతుంది. ఈ దారిన పోతే ఫలానా పేజీ, ఆ దారిన పోతే ఇంకో పేజీ. చదివేవాడే కథానాయకుడు. తర్వాత ఈ పద్ధతి కంప్యూటర్ ఆటల్లోకి బాగా పాకింది. 2009లో క్రిస్ క్లైమస్ అనే ఆయన ట్వైన్ అనే సాఫ్ట్‌వేర్ తయారుచేసి ఉచితంగా ఇచ్చాడు. ప్రోగ్రామింగ్ రాకపోయినా దారులు చీలే కథను అందులో అల్లుకోవచ్చు.

ఈ వారం మనం కంప్యూటర్ కూడా లేకుండా అలాంటి భయం ఆట ఒకటి తయారుచేద్దాం. కావలసిన సామాను: ఒక నోటుబుక్కు, పెన్సిలు, అగ్గిపెట్టె, ఖాళీ గ్లాసు. కథ మాత్రం పాతది, గట్టిది. షేక్‌స్పియర్ రాసిన 'మాక్‌బెత్'.

ముందు కథ. స్కాట్లాండ్‌లో మాక్‌బెత్ ఒక సేనాని. యుద్ధం గెలిచి మిత్రుడు బాంకోతో తిరిగి వస్తుంటే ముగ్గురు మంత్రగత్తెలు ఎదురై, నీకు కాడర్ అనే చోట జాగీరు వస్తుంది, ఆపైన రాజువవుతావు అంటారు. బాంకో వంశంలో రాజులు పుడతారంటారు. కాసేపటికే జాగీరు వచ్చిందని కబురొస్తుంది. ఇక నమ్మకం కుదిరింది. ఆ రాజు డంకన్ అతిథిగా ఇంటికొచ్చిన రాత్రి, భార్య పురికొల్పగా, నిద్రలోనే పొడిచి చంపుతాడు. తర్వాత జోస్యం ప్రకారం రాజ్యం అతని వంశానికి పోతుందన్న భయంతో బాంకోని చంపిస్తాడు. ఆ పైన మాక్‌డఫ్ అనే ప్రభువు ఊళ్ళో లేనప్పుడు అతని భార్యాబిడ్డల్ని చంపిస్తాడు. భార్య నిద్రలో నడుస్తూ చేతికి లేని రక్తం కడుక్కుంటుంది. చివరికి మాక్‌డఫ్ చేతిలో మాక్‌బెత్ పోతాడు. 2003లో వచ్చిన హిందీ సినిమా 'మక్బూల్' ఈ కథే. అందులో రాజ్యం బొంబాయి మాఫియా అయింది, మంత్రగత్తెలు ఇద్దరు పోలీసులయ్యారు.

అంత పెద్ద కవి కథను మనం మార్చవచ్చా అని కొందరికి సందేహం రావచ్చు. అసలు చరిత్రలో మాక్‌బెత్ అనే రాజు నిజంగా ఉన్నాడు. 1040లో డంకన్ చచ్చింది పడకమీద కాదు, యుద్ధంలో. ఆ తర్వాత మాక్‌బెత్ 1057 దాకా, అంటే 17 ఏళ్ళు ఏలాడు. షేక్‌స్పియరే చరిత్రలో దారి మార్చుకున్నాడు. మనకేం భయం!

ఇప్పుడు పని. ముందు కథకు ఆరు మజిలీలు పెట్టుకోండి: మంత్రగత్తెలు, రాజు పడకగది, బాంకో, విందు, మాక్‌డఫ్ ఇల్లు, చివరి యుద్ధం. ఒక్కొక్క సంఘటనకు ఒక్కొక్క చీటీ, దాని మీద నంబరు. ప్రతి చీటీ చివర రెండు దారులు.

ఇక్కడ ఒక లెక్క చూసుకోవాలి. రెండేసి దారుల చొప్పున పది మలుపులు తిరిగితే 1024 ముగింపులవుతాయి. నోటుబుక్కు చాలదు, ఓపికా చాలదు. అందుకని చీలిన దారుల్ని మళ్ళీ కలపాలి. బాంకోని చంపించినా, వదిలేసినా, ఇద్దరూ విందుకే చేరుకుంటారు. కానీ విందు ఒకేలా ఉండదు. అగ్గిపుల్లల పని అక్కడే. ఆటగాడు ఒక ప్రాణం తీసినప్పుడల్లా గ్లాసులో ఒక పుల్ల వెయ్యండి. విందు దగ్గర పుల్లలు లెక్కపెట్టండి. రెండుంటే, ఖాళీగా ఉండాల్సిన కుర్చీలో నెత్తుటి తలతో బాంకో కూర్చుని ఉంటాడు, ఆటగాడికి తప్ప ఎవరికీ కనబడడు. ఒక్కటే ఉంటే బాంకో బతికే ఉన్నాడు, అదే కుర్చీలో కూర్చుని అన్నం ముట్టకుండా మిమ్మల్నే చూస్తుంటాడు. అతనికి అనుమానం వచ్చేసింది. దయ్యం కంటే ఆ చూపే ఎక్కువ భయం!

చీటీ ఎలా రాయాలో ఒక నమూనా:

చీటీ 9. రాజుగారు నిద్రపోతున్నారు. కాపలావాళ్ళు తాగి పడిపోయారు. దీపం వెలుగులో ఆయన తెల్లగడ్డం మెల్లగా కదులుతోంది. ఇవాళే మీ భుజం తట్టిన చెయ్యి దుప్పటి బయట ఉంది. కత్తి దూస్తే 10కి వెళ్ళండి. వెనక్కి తిరిగితే 14కి వెళ్ళండి.

చూశారా, ఇందులో రక్తం లేదు, కేకలు లేవు. భయం ఆటలో చూపించేది తక్కువ ఉండాలి. హత్య జరగగానే ఆ అర్ధరాత్రి కోట తలుపు ఎవరో దబదబ బాదుతారు. నాటకంలో ఉన్నదే అది. గదిలో ఆడించేటప్పుడు ఒకరు మంచం ఇనప కాలు మీద చెంచాతో కొడితే చాలు. నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్నవాళ్ళుంటే మాత్రం ఆ పని పెట్టుకోకండి, మీ మీదికే కత్తి వస్తుంది!

అన్నిటికంటే ముఖ్యమైనది మొదటి మజిలీ. తప్పుదారి చూడగానే తప్పుదారిలా కనబడితే అది ఆటే కాదు. మంత్రగత్తెల మాట తియ్యగా ఉండాలి, నిజం కూడా అయి ఉండాలి. గమనించండి, నాటకం మొత్తంలో వాళ్ళు మాక్‌బెత్‌కి చెప్పినదేదీ అబద్ధం కాదు. ఆడదాని కడుపున పుట్టినవాడెవడూ నీకు హాని చెయ్యలేడన్నారు. మాక్‌డఫ్‌ని తల్లి కడుపు కోసి తీశారని చెప్పలేదు. బర్నమ్ అడవి నీ కొండకు నడిచొచ్చేదాకా ఓటమి లేదన్నారు. సైనికులు కొమ్మలు నరికి, వాటి చాటున నడిచొస్తారని చెప్పలేదు.

ఈ భాష మనకు కొత్తదా? డ్యూటీ ఎనిమిది గంటలే, పైన ఓవర్‌టైం ఉంటుంది అని ఊళ్ళో ఏజెంటు చెబుతాడు. ఉంటుంది, నిజమే. దానికి డబ్బులిస్తారా లేదా అన్నది చెప్పడు. రూము ఫ్రీ అంటాడు. అదీ నిజమే, అందులో ఎంతమందో చెప్పడు. కాబట్టి మంత్రగత్తెల చీటీలు రాయడానికి మనకంటే అనుభవమున్నవాళ్ళు ఎవరూ ఉండరు. అందులో ఒక దారి తప్పకుండా పెట్టండి: 'ఇంకా ఏం చెప్పలేదో అడిగితే' అని. అడిగితే వాళ్ళు గాలిలో మాయమవుతారు. జవాబు రాదు. జవాబు రాలేదన్న సంగతి ఆటగాడికి తెలుస్తుంది కదా, అదే లాభం.

ఇక ముగింపులు. నాలుగు చాలు. మొదటిది: రాజు పొద్దున్నే క్షేమంగా వెళ్ళిపోతాడు, మీరు జాగీర్దారుగా మిగిలిపోతారు, ఆ జోస్యం నిజమో కాదో ఎన్నటికీ తెలియదు. రెండోది: రాజును చంపాక బాంకో ముందు ఒప్పుకుంటారు. మీకు శిక్ష, అతనికి ప్రాణం. మూడోది: రాజును, బాంకోని చంపారు, మాక్‌డఫ్ ఇంటి దగ్గర మాత్రం ఆగారు. అడవి నడిచి వస్తుంది, మీరు పోతారు. కానీ ఆ తల్లీపిల్లలు బతుకుతారు. నాలుగోది షేక్‌స్పియర్ రాసిందే.

మూడో ముగింపు మీద కొట్లాట రావచ్చు. ఎలాగూ చావే కదా, ఆగి ఏం లాభం అంటారు. లాభం ఆటగాడికి లేదు, పిల్లలకుంది. మన చేతులు దాటిపోయిందనుకున్న చోట కూడా ఇంకొకరి బతుకు మన చేతిలోనే ఉంటుందన్నది ఈ ఆటలో గట్టి సంగతి. కాబట్టి ఆగే దారిని ఏ చీటీలోనూ తీసేయకండి. ముందుకు పోయేకొద్దీ దాని ఖరీదు మాత్రం పెంచుతూ పొండి.

సెలవు రోజు భోజనాలయ్యాక ఆడండి. చదువు వచ్చినవారు ఒకరు చదవండి, మిగతావాళ్ళు చేతులెత్తి దారి తేల్చండి. చదువు రానివాళ్ళకూ ఒక ఓటే, చదువుకున్నవాళ్ళకూ ఒక ఓటే. ఎవరైనా 'ఇప్పుడేం చెయ్యాలి?' అని తికమకపడితే ఆ చీటీ సరిగా రాయలేదని అర్థం, దిద్దుకోండి. ఆట ముగిశాక గ్లాసు బోర్లించి పుల్లలు లెక్కపెట్టండి. తర్వాత చీటీలు వెనక్కి తిప్పుకుంటూ పోయి, ఎక్కడ ఆగితే పోయేదో అందరూ మాట్లాడుకోండి. నా అంచనా ప్రకారం అసలు ఆట అక్కడ మొదలవుతుంది.

వచ్చే వారం ఇంకో కబురుతో కలుద్దాం. ఉంటాను.