షంటింగు బండికి టికెట్టు కొనకండి

పోస్టు కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి. ఫోన్లో ట్రేడింగు చేసే పిల్లలు ఇంట్లో ఉంటే వాళ్లకూ చదివి వినిపించండి.

"మార్కెట్ చాపీగా ఉందో, ట్రెండులో ఉందో చెప్పే ఇండికేటర్ నేర్పిస్తాం, ఇక నష్టమే ఉండదు" అనే ప్రకటనలు ఇప్పుడు సిరోంచ ఫోన్లలోకీ వచ్చాయి. అలాంటి క్లాసుకు మన సంఘం హాలు ఇద్దామనే మాట కూడా వినబడుతోంది. ఇవ్వకూడదు అంటున్నాం మేము. ఎందుకో లెక్కతో చెబుతాం.

సిరోంచకు రైలు లేకపోయినా, బల్లార్షాలో షంటింగు చూసినవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. ఇంజను పొద్దస్తమానం ముందుకూ వెనక్కూ తిరుగుతుంది, డీజిలు కాలుతుంది, సాయంత్రానికి యార్డులోనే ఉంటుంది. చాపీ మార్కెట్ అంటే అదే. లైనెక్కి ఊరు దాటిన బండి ట్రెండు.

దీన్ని కొలవడం పెద్ద విద్యేం కాదు. 100 దగ్గరున్న ధర పది రోజులకు 106 అయింది. రోజూ ఎక్కింది, దిగింది అంతా కూడితే 12. 6ను 12తో భాగిస్తే 0.5. ఇంకొకటి 100 నుంచి 101కే చేరింది, తిరగడం మాత్రం 40 తిరిగింది. భాగిస్తే 0.025. పెర్రీ కాఫ్‌మన్ చెప్పిన ఎఫిషియెన్సీ రేషియో ఇదే. చాపీనెస్ ఇండెక్స్ అయితే 61.8 దాటితే చాపీ, 38.2 కిందికొస్తే ట్రెండు అంటారు. వెల్లెస్ వైల్డర్ 1978లో పుస్తకంలో పెట్టిన ఏడీఎక్స్ 25 దాటితే ట్రెండు బలంగా ఉందంటారు. చార్టు యాపుల్లో ఇవన్నీ ఉచితం. ఉచితంగా దొరికేదానికి ఫీజు ఎందుకు?

క్లాసులో చెప్పని సంగతులు మూడున్నాయి. ఒకటి, ఇవన్నీ గడిచిన 10, 14 రోజుల లెక్కలు. ట్రెండని అంకె చూపేసరికి బండి సగం దారి దాటి ఉంటుంది. రెండు, చాపీనెస్ ఇండెక్స్ దిక్కు చెప్పదు. ధర ఎక్కినా ట్రెండే, కూలినా ట్రెండే. మూడు, ఐదు నిమిషాల చార్టులో ట్రెండు కనబడ్డది రోజువారీ చార్టులో చాపీ కావచ్చు. ఏది నమ్మాలో ఆ అంకె చెప్పదు.

ఈలోగా డీజిలు ఖర్చు మనది. సెబీ 2024లో ఇచ్చిన లెక్క చూడండి. 2021-22 నుంచి మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓ ఆడిన కోటిమందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లకు పైనే. ఒక్క 2023-24లోనే బ్రోకరేజీ, పన్నులు, ఇతర ఛార్జీల కింద మనిషికి సగటున 26,000 రూపాయలు పోయాయి. వాళ్ల ఫోన్లలో ఇండికేటర్లు లేకనా?

మన పిల్లలు పెట్టే డబ్బు ఎక్కడిది? పత్తి, మిరప అమ్మిన డబ్బు. పొడుగు పింజ పత్తికి 2025-26లో క్వింటాలుకు 8,110 రూపాయల మద్దతు ధర అని కాగితం మీదైనా ఉంది. కొన్న ఆప్షనుకు అలాంటి గట్టు లేదు, గడువు రోజుకు సున్నా కూడా కావచ్చు.

ఈ కొలత దండగ అని మేము అనం. యార్డులో ఉన్న బండి ఎక్కకుండా కూర్చోవడానికి బాగా పనికొస్తుంది. కానీ కూర్చోమని చెప్పే క్లాసుకు ఫీజు రాదు గదా! అందుకే రోజూ ఎక్కమంటారు.

కాబట్టి వచ్చే సమావేశంలో రెండు తీర్మానాలు కోరుతున్నాం. సెబీ రిజిస్ట్రేషన్ నంబరు చూపించని వాళ్లకు మన హాలు గానీ, గ్రూపు గానీ ఇవ్వొద్దు. "నేర్పడమే మా పని, సలహాలివ్వం" అనేవాళ్లు గత మూడు నెలల ధరలు చూపించకూడదని 2025 జనవరిలో సెబీ చెప్పింది. ఇవాళ్టి చార్టు తెరిచిన క్లాసును అక్కడే ఆపెయ్యాలి.

మేము చదివింది తమిళ మీడియం. తెలుగులో తప్పులుంటే దిద్దుకోండి. లెక్కలో తప్పుంటే మాత్రం సమావేశంలో నిలదీయండి, జవాబు చెబుతాం.