ఎవరి ఆట గొప్ప?

ఇప్పటి బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళకి పాతవాళ్ళకన్నా పనితనం ఎక్కువా, తక్కువా? ఈ చర్చ ఎప్పుడు వచ్చినా జోర్డాన్ గొప్పా, లెబ్రాన్ గొప్పా అంటూ మగవాళ్ళ పేర్లతో మొదలై వాళ్ళ పేర్లతోనే ముగుస్తుంది. ఆడవాళ్ళ ఆట తీసుకుని చూస్తేనే ఈ ప్రశ్న అసలు సంగతి తెలుస్తుందని నాకనిపిస్తుంది.

అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయం అమ్మాయి కెయిట్లిన్ క్లార్క్ 2024లో కాలేజీ ఆట ముగించేసరికి చేసిన పాయింట్లు 3,951. కాన్సాస్ విశ్వవిద్యాలయం తరఫున 1977 నుంచి 1981 దాకా ఆడిన లినెట్ ఉడార్డ్ చేసినవి 3,649. ఇద్దరూ ఆడినవి సరిగ్గా 139 మ్యాచ్‌లే. ఇంకేం, కొత్తమ్మాయే గొప్ప అనేశారు చాలామంది.

కాస్త ఆగండి. ఉడార్డ్ రోజుల్లో ఎంత దూరం నుంచి వేసినా బుట్టకి రెండు పాయింట్లే. మూడు పాయింట్ల గీత అమ్మాయిల కాలేజీ ఆటలోకి వచ్చింది 1987లో. క్లార్క్ వేసిన మూడు పాయింట్ల బుట్టలు 548. ఒక్కోదానికీ ఒక పాయింటు తగ్గిస్తే మిగిలేది 3,403. మనం పాలవాడి లెక్క చూసినంత సులువు! (గీతే లేకపోతే ఆ అమ్మాయి అంత దూరం నుంచి వేసేదే కాదనొచ్చు, అదీ నిజమే.) పైగా ఉడార్డ్ ఆడింది మగవాళ్ళ కొలత బంతితో. అమ్మాయిలకి చిన్న బంతి 1984లో గానీ రాలేదు. ఆ రోజుల్లో ఆడపిల్లల కాలేజీ పోటీలు వేరే సంఘం నడిపేది. అందుకే 2024 ఫిబ్రవరిలో క్లార్క్ ఇంకా ఉడార్డ్‌ని దాటకముందే, కెల్సీ ప్లమ్ చేసిన 3,527ని దాటగానే, రికార్డు బద్దలైందని ప్రకటించేశారు.

అలాగని పాతవాళ్ళే గొప్పని నేననను. గీతకి చాలా వెనకనుంచి గురి తప్పకుండా వేయడం, ఆరడుగులు దాటిన పిల్లలు కూడా బంతిని కొట్టుకుంటూ కోర్టంతా తిరగడం ఇప్పుడు మామూలైపోయింది. పనితనం పెరిగింది, ఒప్పుకోవాల్సిందే.

కానీ అది ఎలా పెరిగింది? క్లార్క్ పుట్టిన అయోవాలోనే హైస్కూలు అమ్మాయిలకి 1993 దాకా ఆరుగురి ఆట ఉండేది. ముగ్గురు బుట్ట వేసేవాళ్ళు, ముగ్గురు అడ్డుకునేవాళ్ళు. కోర్టు మధ్య గీత దాటకూడదు. బంతిని రెండుసార్లకు మించి నేలకి కొట్టకూడదు. ఆడపిల్ల ఒళ్ళు అంత పరుగుకి తట్టుకోదని మొదట్లో పెద్దలకి భయం. (ఈ మాట మనమూ వినే పెరిగాం లెండి.) అడ్డుకునే వైపు పడ్డ పిల్లకి బడి వదిలేదాకా మ్యాచ్‌లో ఒక్క బుట్ట వేసే వీలుండేది కాదు. మరి ఆ పిల్లకి గురి లేదంటామా?

ఆ కట్టుబాట్లలోనే డెనీస్ లాంగ్ అనే అయోవా అమ్మాయి 1968లో ఒక్క మ్యాచ్‌లో 111 పాయింట్లు చేసింది. 1969లో శాన్‌ఫ్రాన్సిస్కో వారియర్స్ అనే మగవాళ్ళ జట్టు ఆమెని ఎంపిక చేసుకుంటే లీగ్ పెద్దలు కొట్టేశారు. ఆ తర్వాత ఆమె వెళ్ళి ఆడటానికి ఒలింపిక్స్ కూడా లేవు. మగవాళ్ళకి 1936లోనే పెట్టిన పోటీ ఆడవాళ్ళకి 1976లో పెట్టారు.

అందుకే రికార్డుల పుస్తకంలో పాయింట్ల పక్కన ఆనాటి నిబంధన కూడా అచ్చు వేయమంటాను. 3,649 పక్కన ‘మూడు పాయింట్ల గీత లేదు, పెద్ద బంతి’ అని, 111 పక్కన ‘సగం కోర్టు’ అని. ఎవరు గొప్పో తర్వాత తీరిగ్గా వాదించుకుందాం.