‘ఫ్రీ’గా పెట్టేది ‘ఉచితం’గా ఉండాలి



మన నోళ్లలో నలిగే ఇంగ్లీషు మాటల్లో ‘ఫ్రీ’ అన్నంత చాకిరీ చేసే మాట మరొకటి లేదనిపిస్తుంది. “సాయంత్రం ఫ్రీయేనా?” అంటే తీరిక ఉందా అని. రేపల్లె–తెనాలి రైల్లో “సీటు ఫ్రీయేనా?” అంటే ఖాళీయేనా అని. “ఆయన మనతో ఫ్రీగా ఉంటాడు” అంటే అరమరికలు లేవని. పట్టేసిన నట్టుకు నూనె వేసి తిప్పి మెకానిక్ “ఫ్రీ అయింది” అంటే వదులైందని. ‘షుగర్ ఫ్రీ’ అంటే పంచదార లేదని. బట్టల కొట్టు ముందు “రెండు కొంటే ఒకటి ఫ్రీ” అంటే డబ్బు అక్కర్లేదని. ఇన్ని అర్థాలున్న మాట మన దగ్గరికి వచ్చేసరికి ఒక్క ఎత్తిపొడుపుగా మిగులుతుంది: “వాళ్లకేంటి, ఫ్రీ తిండి, ఫ్రీ చదువు!”

ఎత్తిపొడుపు ఒక్కటే అయితే దులిపేసుకోవచ్చు. కానీ ఈ మాట నోరు కూడా మూయిస్తుంది. పప్పు నీళ్లగా ఉందన్నా, బాత్‌రూముకు తలుపు లేదన్నా “ఫ్రీగా పెట్టేదానికి వంకలా?” అంటారు. కొన్నాళ్లకు ఎవరూ అననక్కర్లేదు. మనకు మనమే అనుకుని ఊరుకుంటాం. నా అభిప్రాయంలో అసలు నష్టం ఇదే.

ఈ మాట పుట్టుక చూడండి. ఇంగ్లీషు ‘ఫ్రీ’కి, సంస్కృత ‘ప్రియ’ శబ్దానికి మూలం ఒకటేనని భాషాశాస్త్రం చెబుతుంది. బానిస కానివాడు, ఇంటివాళ్లలో ఒకడు, అయినవాడు ‘ఫ్రీ’. ‘ఫ్రెండ్’ కూడా ఆ వేరు నుంచి వచ్చినదే. డబ్బు కట్టనక్కర్లేదనే అర్థం చాలా తర్వాత వచ్చి చేరింది.

మన ‘ఉచితం’ కథ ఇంకా బాగుంటుంది. సంస్కృతంలో ఉచితం అంటే తగినది. సముచితం, అనుచితం, ఔచిత్యం దాని చుట్టాలే. అంటే ఉచిత భోజనం ఊరికే పెట్టేది మాత్రమే కాదు, మనిషికి తగినట్టు పెట్టేది కూడా. తగినట్టు లేనిది అనుచితం!

రాజ్యాంగం 46వ అధికరణం ఎస్సీ, ఎస్టీల, ఇతర బలహీన వర్గాల విద్యను ప్రభుత్వం ప్రత్యేక శ్రద్ధతో పెంపొందించాలంటుంది. శ్రద్ధ అంది గానీ దయ అనలేదు. 2002లో 86వ సవరణతో వచ్చిన 21ఎ అధికరణం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత విద్యను ప్రాథమిక హక్కు చేసింది. 1913లో అంబేద్కర్ కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లింది బరోడా సంస్థానం ఇచ్చిన సొమ్ముతోనే. దాన్ని ఎవరూ ఫ్రీ అనరు, స్కాలర్‌షిప్ అంటారు. ఫ్యాక్టరీకి ఇస్తే ప్రోత్సాహకం, మనకు పెడితే ఫ్రీ!

“మా పన్నుల డబ్బే కదా” అనేవాళ్లూ ఉన్నారు. నిజమే. అయితే మన అమ్మానాన్నలు కొనే సబ్బుబిళ్ల మీదా పన్ను ఉంది. పైగా చేతికందిన పిల్లను, పిల్లాడిని హాస్టల్‌కు పంపిన ఇంట్లో ఒక కూలి తగ్గుతుంది. ఇంట్లో మొదటి డిగ్రీ కోసం ఆ కుటుంబం ఎన్ని ఊడ్పులు, ఎన్ని కోతల కూలి వదులుకుందో ఎవరు లెక్క రాశారు?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మనకు వచ్చేదాన్ని వృథా చేయకుండా వాడుకుని, బాగా చదవడం మన బాధ్యత. బాగా లేనప్పుడు మర్యాదగా, గట్టిగా, కాగితం మీద రాసి అడగడం కూడా బాధ్యతే. వార్షికోత్సవానికి వచ్చే సీనియర్ అన్నయ్యలకు, అక్కయ్యలకు ఒక మనవి. పిల్లలు ఇబ్బంది చెప్పుకుంటే “మా రోజుల్లో ఇంతకన్నా అధ్వానం” అని తేల్చేయకండి. వాళ్ల అర్జీ కింద మీ సంతకం కూడా పెట్టండి. అప్పుడే ఈ హాస్టల్‌లో ‘ఫ్రీ’ అనే మాటకు పాత అర్థం తిరిగి వస్తుంది: అయినవాళ్లు అని.