ఇనుప ఎద్దుకు పళ్లు చూచుట

ఎమ్మిగనూరు పశువుల సంతలో ఎద్దును బేరమాడు రైతు మొదట దాని నోరు తెరచి పళ్లు చూచును. పాలపళ్లా, రెండు పళ్లా, నాలుగు పళ్లా, కడపళ్లు వచ్చినవా అని చూచి వయస్సు తేల్చుకొనును. పిమ్మట సుడులు చూచును, గిట్టలు చూచును, కాడి మోపిన చోట మెడ తడుమును, కొంత దూరము నడిపించి చూచును. ఈ పరీక్షయంతయు తరతరములుగా వచ్చిన విద్య. అమ్మువాడు ఎన్ని మాటలు చెప్పినను ఎద్దు పళ్లు అబద్ధమాడవని రైతు నమ్మకము.

ఆ రైతే నేడు పాత ట్రాక్టరును బేరమాడుచున్నాడు. ఆదోని, ఎమ్మిగనూరు, కౌతాళము, కోసిగి ప్రాంతముల నల్లరేగడి పల్లెలలో ఇది తరచుగా వినవచ్చు ముచ్చట. శ్రావణమాసములో ఉరుకుంద ఈరన్నస్వామికి మ్రొక్కులు చెల్లించుటకు ఒకప్పుడు బండ్లు కట్టుకొని వచ్చిన కుటుంబములు నేడు ట్రాక్టర్లలో వచ్చుచున్నవి. క్రొత్త ట్రాక్టరు కొనుటకు శక్తి చాలనివాడు ఆరువేల గంటలో, ఎనిమిదివేల గంటలో నడచినదానిని చూచి, "ఇన్ని గంటలు తిరిగినది, కొనవచ్చునా?" అని నలుగురిని అడుగును. ప్రశ్న సహజమే. కాని అది సగము ప్రశ్న. ఆ ట్రాక్టరు ఎన్ని గంటలు నడచినదనుట ఒక సగము. దానికి తన పొలములో ఎన్ని గంటల పని కలదనుట రెండవ సగము. మొదటిదానికి మెకానిక్కు జవాబు చెప్పగలడు. రెండవదానికి జవాబు చెప్పవలసినవాడు రైతే. సంసారములు చితుకుట ఆ రెండవ లెక్క వేయకపోవుటచేతనే.

ముందుగా గంటల సంగతి. ట్రాక్టరు వయస్సును కిలోమీటర్లతో కాక, ఇంజను తిరిగిన గంటలతో కొలుతురు. ఏడాదికి 1,000 గంటల చొప్పున పది సంవత్సరములు, మొత్తము 10,000 గంటలు ట్రాక్టరు ఆయుస్సుగా తీసికొనుట వ్యవసాయ ఇంజనీరింగు పాఠ్యగ్రంథములలో వాడుక. ఇది ధర తరుగుదలను లెక్కించుటకు ఏర్పరచుకొన్న అంకెయే గాని యముడు వ్రాసిన గడువు కాదు. సకాలమున నూనె మార్చి, గాలి ఫిల్టరును శుభ్రపరచి వాడినచో ఆ అంకె దాటియు పనిచేయు బండ్లు కలవు. అశ్రద్ధ చేసినచో సగములోనే ఇంజను విప్పవలసి వచ్చును.

అయితే మీటరును ఎద్దు పళ్లవలె నమ్ముటకు వీలులేదు. పాత ట్రాక్టర్లలో గంటల మీటరు గడియారము కాదు. అది ఇంజనునుండి వచ్చు కేబులుచేత తిరుగుచు, ఇంజను చుట్లను గంటలుగా మార్చి చూపును. ఇంజను నెమ్మదిగా తిరిగినంతసేపు మీటరు గంటయు నెమ్మదిగానే గడచును. కేబులు తెగినచో మీటరు ఆగును, ట్రాక్టరు ఆగదు. మీటరునే మార్చివేయుట కూడ కష్టమైన పని కాదు. కావున మీటరు చెప్పు మాటను, బండి తయారైన సంవత్సరముతోను, పెడళ్ల అరుగుదలతోను, టైర్లతోను సరిపోల్చవలెను. పదునైదేండ్ల బండిపై 3,000 గంటలే ఉన్నచో అది ఏడాదికి 200 గంటలే నడచినట్లు. చిన్న కమతము గల రైతు ఇంటిలో అది నిజము కావచ్చును. కిరాయికి తిప్పినవాని చేతినుండి వచ్చిన బండి విషయమున అది నమ్మదగినది కాదు.

గంటలు ఏ పనిలో గడచినవనుటయు చూడవలెను. సిరుగుప్ప, సింధనూరు వైపు వరిమళ్లలో ఇనుప చక్రములతో దమ్ము చేసిన ట్రాక్టరు ఇరుసులలోనికి, బేరింగులలోనికి బురదనీరు చొరబడి యుండును. ఇసుక, ఇటుక లాగిన ట్రాక్టరుకు క్లచ్చి, బ్రేకులు, గేర్లు ముందుగా అరుగును. మెట్టపొలములో గొర్రు లాగినదానికి దుమ్ము పగ. చేలో నడచిన గంట, బురదలో నడచిన గంట, రోడ్డుపై బరువు లాగిన గంట ఒకటి కావు. మీటరు మాత్రము ఈ మూడింటిని కలిపి ఒకే అంకెగా చూపును.

అమ్మువాని మాటకును యంత్రపు నడకకును గల దూరము క్రొత్తది కాదు. అమెరికాలో ఇరువదవ శతాబ్ది ఆరంభమున నాసిరకపు ట్రాక్టర్లు కొని రైతులు నష్టపడగా, నెబ్రాస్కా రాష్ట్రము 1919లో ట్రాక్టర్ల పరీక్షకు చట్టము చేసెను. ఆ చట్టమునకు పూనుకొన్న విల్మట్ క్రోజియరు స్వయముగా రైతు. పనికిమాలిన ట్రాక్టరు కొని కష్టపడినవాడు. భారతదేశమున మధ్యప్రదేశములోని బుద్నీలో కేంద్రప్రభుత్వ సంస్థ క్రొత్త నమూనాలను పరీక్షించుచున్నది. కాని చేతులు మారి వచ్చిన పాత బండిని బుద్నీకి తీసికొనిపోవువారెవరు? దానికి కొనువాడే బుద్నీ కావలెను.

ఆ పరీక్ష అంత కష్టమైనది కాదు. ఇంజను చల్లగా ఉన్నప్పుడే, ఉదయముననే వెళ్లవలెను. ముందే వేడిచేసి ఉంచిన బండి తన రోగమును దాచును. నీలిపొగ ఆగక వచ్చినచో ఇంజను నూనె కాలుచున్నదని, రింగులు, లైనర్లు అరిగి యుండవచ్చునని గుర్తు. బరువు లాగునప్పుడు దట్టమైన నల్లపొగ వచ్చినచో గాలి చాలకపోవుటయో, పంపు, నాజిళ్లు చెడుటయో కారణము. రేడియేటరు నీటిపై నూనె తేలినను, ఇంజను నూనె పాలరంగుకు తిరిగినను నీరును నూనెయు కలియుచున్నవని అర్థము. బరువు కట్టి లిఫ్టును పైకెత్తి, ఇంజను ఆపి చూడవలెను. కొంతసేపటికే అది జారినచో హైడ్రాలిక్కులో లోపము కలదు. ముందు చక్రమును జాకీపై ఎత్తి ఊపినచో ఇరుసు వదులు తెలియును. కడపట గొర్రు కట్టి నాలుగు సాళ్లు దున్నించి చూడవలెను. కాడి కట్టనిదే ఎద్దు బలము తెలియదు. ట్రాక్టరును రోడ్డుపై పరుగెత్తించి చూచుట చాలదు.

ఇంజను బాగుండినను విడిభాగములు దగ్గరి పట్టణమున దొరకవలెను. హెచ్.ఎం.టి. ట్రాక్టరు ఒకప్పుడు గట్టిదని పేరొందినది. 1971లో తయారీ ఆరంభించిన ఆ శాఖను మూసివేయుటకు కేంద్రప్రభుత్వము 2016లో నిర్ణయించెను. అట్టి బండిని కొనదలచినవాడు ఇంజనుకంటె ముందు ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో విడిభాగముల దుకాణమును విచారించవలెను. యంత్రము ఒక్కసారిగా మొత్తము చెడదు. ఎక్కడనో ఒక భాగముతో ఆగిపోవును. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి తుంగభద్ర జలాశయపు 19వ గేటు కొట్టుకొనిపోయినది గొలుసు తెగుటచేతనే. ఏడు దశాబ్దముల ఆనకట్ట నిలిచియే యున్నది, తెగినది గొలుసు. ఆ నీటిని నమ్ముకొన్న దిగువ కాలువ రైతులకు ఈ పాఠము వేరుగా చెప్పనక్కరలేదు.

పత్రముల విషయమున మొగమాటము పనికిరాదు. సరిహద్దుకు ఆవల, రాయచూరు, బళ్లారి జిల్లాలనుండి కొనునప్పుడు అక్కడి రవాణా కార్యాలయపు నిరభ్యంతర పత్రము కావలెను. ఆర్.సి.లో ఫైనాన్సు కంపెనీ పేరున్నచో, అప్పు తీరినట్లు పత్రము చూడనిదే పైకము ఈయరాదు. సొంత వాహనపు రిజిస్ట్రేషను 15 సంవత్సరములు చెల్లును; పిమ్మట పునరుద్ధరించుకొనవలెను. ట్రాలీకి వేరుగా రిజిస్ట్రేషను ఉండవలెను. ఆ ట్రాలీ సరుకు కొరకే గాని మనుషుల కొరకు ఏర్పడినది కాదు. అరిగిన బ్రేకులు గల బండి వెనుక ట్రాలీలో పిల్లలను, వృద్ధులను నింపుకొని జాతరకు పోవుట ప్రమాదమును వెంట తీసికొనిపోవుటయే. అది భక్తి అనిపించుకొనదు.

ఇక రెండవ సగము. లెక్క సులభమగుటకు ఒక ఉదాహరణము తీసికొనవచ్చును. ఒక రైతుకు పది ఎకరముల మెట్ట కలదు. దుక్కి, గొర్రు, విత్తనము అన్నియు కలిపి ఎకరమునకు ఏడాదిలో ఆరు గంటల ట్రాక్టరు పని. మొత్తము 60 గంటలు. గంటకు వేయి రూపాయల కిరాయి అనుకొన్నను ఖర్చు 60,000 రూపాయలు. ఆ రైతు 3 లక్షల రూపాయలకు పాత ట్రాక్టరు కొన్నాడనుకొన్నచో, గంటకు నాలుగు లీటర్ల చొప్పున, లీటరు నూరు రూపాయలుగా, డీజిలుకు 24,000. నూనె, మరమ్మతు, బీమాలకు 20,000. ఆ 3 లక్షలు బ్యాంకులో ఉండినచో వచ్చు వడ్డీ సుమారు 20,000. మొత్తము 64,000. అనగా సొంత పైకముతో కొన్నను కిరాయికంటె మిగులు ఏమియు లేదు. ఇక ఆ 3 లక్షలు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చినచో వడ్డీయే 72,000. మొత్తము 1,16,000, కిరాయికి రెట్టింపునకు దగ్గర. అసలు ఇంకను తీరనే లేదు. పుస్తకములో ట్రాక్టరుకు ఏడాదికి వేయి గంటల పని. ఈ రైతు పొలములో అరువది గంటలే. మిగిలిన కాలమంతయు ట్రాక్టరు నిలిచియుండును గాని వడ్డీ నిలువదు.

అట్లయిన రైతు ట్రాక్టరును ఏల కోరుచున్నాడు? డాబునకే యనుట అన్యాయము. రేగడి నేల సంగతి తెలిసినవారు అట్లనరు. వాన కురిసిన వెంటనే ఆ నేల కాలికి అంటుకొనును, ఆరినచో రాయియగును. ఆ రెంటికి నడుమ పదును నిలుచునది కొద్ది దినములే. ఆ దినములలోనే ఊరివారందరికిని ట్రాక్టరు కావలెను. కిరాయి బండి మొదట పెద్ద కమతమునకు పోవును. చిన్నవాని వంతు వచ్చునప్పటికి పదును పోవును. పదును తప్పిన విత్తనము మొలవక, ఏడాది పంట పోవును. కిరాయి లెక్కలో ఈ నష్టము కనబడదు. సొంత ట్రాక్టరు విలువయంతయు ఆ నాలుగైదు దినములలో ఉన్నది.

దీనికి మార్గము లేకపోలేదు. పొలములు దగ్గరగా ఉన్న నాలుగు కుటుంబములు కలిసి ఒక పాత బండిని కొనినచో, పై ఉదాహరణమున ఒక్కొక్కరి వంతు 75,000 రూపాయలు. అది అప్పు లేకయే సమకూడవచ్చును. గంటకు ఎకరము చొప్పున విత్తినను నలుబది ఎకరములు నాలుగైదు దినములలో ముగియును, పదును దాటదు. ఎవరి వంతు ముందు, మరమ్మతు ఎవరు భరించవలెను అనునవి స్నేహము చెడకముందే కాగితముపై వ్రాసికొనవలెను. ఎద్దులను మాత్రము వెంటనే అమ్మరాదు. ప్రత్తి ఎదిగిన పిమ్మట సాళ్ల నడుమ గుంటక తోలుటకు ట్రాక్టరు పనికిరాదు.

2025 సెప్టెంబరు 22 నుండి ట్రాక్టర్లపై జి.ఎస్.టి. 12 శాతమునుండి 5 శాతమునకు తగ్గినది. ట్రాక్టరు టైర్లపై, పలు విడిభాగములపై 18 నుండి 5 శాతమునకు తగ్గినది. క్రొత్తదాని ధర తగ్గినప్పుడు పాతదాని ధరయు దిగవలెను. వెనుకటి ధరను పట్టుకొని బేరమాడువానిని ఈ మాట అడుగవచ్చును. మరమ్మతు నేర్చుకొనదలచిన యువకులకు అనంతపురము జిల్లా గార్లదిన్నెలో వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ కలదు. పాత బండి గల ఇంటిలో ఒకడైనను పానా పట్టుట నేర్వవలెను.

ఈ లెక్క పాఠశాలకు సంబంధించినది కాదనుకొనరాదు. పంట పోయి అప్పు మిగిలిన ఇల్లు ఈ ప్రాంతమున సుగ్గికి పోవును. గుంటూరు మిరపకోతలకో, బెంగుళూరు కట్టడపు పనులకో. తల్లిదండ్రుల వెంట పిల్లలును పోవుదురు. తరగతిలో బల్లలు ఖాళీయగును. ఇంటిముందు నిలిచిన ట్రాక్టరునకు వడ్డీ కట్టుటకై ఇంటిలోని బాలుడు బడి మానవలసివచ్చినచో, ఆ యంత్రము ఎన్ని గంటలు నడచినదనుట ఎవరికి కావలెను? వడ్డీ లెక్కలను బోధించు ఉపాధ్యాయుడు ఈ లెక్కనే నల్లబల్లపై వేయింపవచ్చును. ఊరి కిరాయిని, డీజిలు ధరను, తమ పొలపు ఎకరములను విద్యార్థులే ఇంటిలో అడిగి తెత్తురు. ఆ జవాబు సాయంకాలమునకు తండ్రి చెవిని పడును.

కొనదలచిన రైతు పాటింపవలసిన నియమము చిన్నది. ధర చెల్లించిన పిమ్మట ఒకసారి ఇంజను విప్పి బాగుచేయించుటకు చాలినంత పైకము చేతిలో మిగిలినచో ఎనిమిదివేల గంటల బండికైనను భయపడనక్కరలేదు. అది మిగలనివాడు, ధరకే అప్పు చేయవలసినవాడు, మూడువేల గంటల బండిని కూడ కొనరాదు. వాడు ఈ ఏటికి ముగ్గురు పొరుగువారిని కలిసి మాటాడుట మేలు.