పొద్దువాలే వేళ పడవ

బందరు వాళ్ళకు సముద్రం ఉంది గాని, సముద్రంలో కుంగే సూర్యుడు లేడు. మంగినపూడి ఒడ్డున తెల్లవారుజామున నిలబడితే నీళ్ళలోంచి పైకొచ్చే బింబం కనిపిస్తుంది. సాయంకాలం మాత్రం ఆయన మొవ్వ, కూచిపూడి పొలాల వెనక్కి దిగిపోతాడు. తూర్పు తీరమంతటికీ ఇదే లెక్క. నీళ్ళ మీద పొద్దుగూకడం చూడాలంటే మనవాళ్ళు నది దగ్గరికే పోవాలి.

అందుకు దివిసీమను మించిన చోటు లేదు. పులిగడ్డ దగ్గర కృష్ణ పాయలుగా చీలుతుంది. పెద్దపాయ నాగాయలంక పక్కనుంచి దక్షిణంగా కడలికి పోతుంది. అవతలి గట్టు రేపల్లె వైపుది, సూర్యుడు దిగేదీ ఆ గట్టు మీదికే. గుడివాడ నుంచి పామర్రు, చల్లపల్లి, అవనిగడ్డల మీదుగా బయల్దేరిన కుటుంబం పెందలాడే నాగాయలంక శ్రీరామపాద క్షేత్రం ఘాటుకు చేరితే ఆ సాయంత్రం దక్కినట్టే.

పడవ షికారు అంటే మనకింకా ఇంజను హోరు, దాని మీద సినిమా పాటల మైకు. చుక్కాని పట్టుకున్న మనిషి నోరు విప్పడు, విప్పమని మనమూ అడగం. నిజానికి ఆ షికారులో టిక్కెట్టుకు తగిన సరుకు ఏదైనా ఉందంటే అది ఆయన దగ్గరే ఉంది. నాగాయలంక దగ్గర నది సగం సముద్రం మాట వింటుంది. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. అవీ ఇవాళ్టి వేళకు రేపు రావు, దాదాపు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. నిన్న పొద్దుగూకేటప్పుడు నిండుగా ఉన్న పాయ వారం తిరిగేసరికి అదే వేళకు తీసిపోయి, ఒడ్డున బురద బయటపెడుతుంది. పౌర్ణమినాడు పోటు పెద్దది. ఆ సాయంత్రమే ఒక గట్టున సూర్యుడు దిగుతుంటే రెండో గట్టున చంద్రుడు లేస్తాడు. ఏ రోజు ఎంత దూరం పోవచ్చో, ఎక్కడ మేట వేసిందో పుస్తకం చూసి చెప్పేవాడికంటే ఆ నీళ్ళలో వల వేసినవాడికే బాగా తెలుసు.

ఇంజను రాకముందు ఈ సీమ అంతా గాలి మీద, గడ మీద నడిచిందే. 1605లో డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషువాళ్ళు బందరులో వర్తకశాలలు పెట్టుకున్నది తెరచాపల పుణ్యాన. బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాక బందరు కాలువలో వరిధాన్యమూ మనుషులూ పడవల మీదే సాగేవారు. గాలి లేనప్పుడు గట్టున నడుస్తూ తాడుతో లాగేవారు. లాకులు ఆ పడవల కోసం కట్టినవే. ఒక్క పడవకైనా తెరచాప ఎత్తి, ఎండాకాలపు పైరగాలికి ఓ అరగంట నడిపిస్తే ఈ కథంతా మైకు అక్కర్లేకుండానే పిల్లలకు తెలుస్తుంది.

కిందికి పోతే మడ అడవులు. కృష్ణా అభయారణ్యంలో బావురుపిల్లి ఉంటుంది. అది సాయంత్రపు షికారుకు వచ్చిన వాళ్ళకు కనబడుతుందని ఎవరూ మాట ఇవ్వకపోవడమే మర్యాద. కానీ ఆ చెట్ల వేళ్ళను చూపిస్తూ 1977 నవంబరు 19 గురించి నాలుగు మాటలు చెప్పవచ్చు. ఆనాటి ఉప్పెనలో వేలమంది పోయిన సీమ ఇది. అలల జోరును మడ చెట్లు ఎలా విరుస్తాయో ఇక్కడ చెబితే చెవికెక్కినట్టు తరగతి గదిలో ఎక్కదు.

పొద్దుగూకే వేళ పడవకు ఒక చిక్కు ఉంది. చూడవలసింది చూసేసరికి చీకటి పడుతుంది. మన వైపు సంధ్య పొడుగు కాదు, సూర్యుడు మునిగిన అరగంటలోపే అంతా మసక. 2017 నవంబరు 12, కార్తిక ఆదివారం సాయంత్రం ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర పడవ తిరగబడి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత కూడా లైఫ్ జాకెట్టు ఇస్తే ఫోటో బాగా రాదని పక్కన పెట్టేవాళ్ళున్నారు. జాకెట్టు వేసుకోనివాళ్ళను రేవులోనే దింపేసే అధికారం సరంగుకు ఉండాలి. ఎక్కినవాడు ఎంత పెద్దమనిషైనా సరే.

మనకు షికారైనది నాగాయలంక మండలంలోనే కొందరికి నిత్యావసరం. ఎదురుమొండి దీవివాళ్ళు బడికి, ఆసుపత్రికి, సంతకు పంటు మీదే దాటుతూ వచ్చారు. వంతెన కావాలని ఏళ్ళుగా అడుగుతున్నారు, న్యాయమైన కోరిక. వంతెన వచ్చిననాడు పంటు నడిపేవాళ్ళకు పని తగ్గుతుంది. 2028లో కృష్ణా పుష్కరాలు వస్తున్నాయి, ఘాట్లకు సున్నాలూ రంగులూ ఎలాగూ పడతాయి. ఆ ఖర్చులో కొంత తీసి ఆ పంటువాళ్ళకు ప్రథమ చికిత్స, జనంతో మాట్లాడే తీరు నేర్పించి, సాయంత్రపు పడవలకు సరంగులుగా పెట్టుకోవచ్చు. ఈత ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు.