దుప్పికి మత్తు, దానికో విరుగుడు

అడవి దుప్పికి వైద్యం చేయాలన్నా, మెడకు రేడియో కాలర్ కట్టాలన్నా ముందు దాన్ని కదలకుండా చేయాలి. దూరం నుంచే మత్తు సూది వేసే తుపాకీకి 1950ల్లో న్యూజీలాండ్ పశువైద్యుడు కోలిన్ మర్డోక్ రూపమిచ్చాడు. తుపాకీ వచ్చినంత మాత్రాన పని తేలిక కాలేదు. గురి కన్నా మందుల ఎంపికే కష్టం. అందులోనూ విరుగుడు సంగతి ముందే తేల్చుకోవాలి.

జింక జాతులకు ఎక్కువగా వాడేది జైలజీన్, కెటామిన్ కలిపిన మందు. మ్యూనిక్ జూ పేరుతో స్థిరపడిన 'హెల్లాబ్రున్ మిశ్రమం'లో మిల్లీలీటరుకు 125 మిల్లీగ్రాముల జైలజీన్, 100 మిల్లీగ్రాముల కెటామిన్ ఉంటాయి. ఇంత చిక్కటి మందు కాబట్టి చిన్న సూదిలోనే ఇమిడిపోతుంది. జైలజీన్ మగత తెచ్చి కండరాలను సడలిస్తుంది, కెటామిన్ స్పృహ తప్పిస్తుంది. జైలజీన్‌ను విరిచేందుకు యోహింబిన్, టోలజోలిన్, అటిపమెజోల్ ఉన్నాయి. కెటామిన్‌కు విరుగుడే లేదు. చిక్కంతా ఇక్కడే. తొందరపడి విరుగుడు ఇస్తే జైలజీన్ ప్రభావం పోయి కెటామిన్ ఒక్కటే మిగులుతుంది. అప్పుడు దుప్పి కాళ్లు బిగుసుకుని కొట్టుకుంటుంది, లేవబోయి పడుతుంది. అందుకే కాలర్ కట్టడం పది నిమిషాల్లో అయిపోయినా, కెటామిన్ దిగేదాకా, అంటే సాధారణంగా అరగంటకు పైగా, ఆగాల్సి వస్తుంది.

ఎటార్ఫిన్ వంటి మందులతో ఈ ఇబ్బంది లేదు. నాల్ట్రెక్సోన్ ఇస్తే నిమిషాల్లో జంతువు లేచి నిలబడుతుంది. కానీ ఎటార్ఫిన్ మార్ఫిన్ కన్నా వెయ్యి రెట్లకు పైగా ఘాటైనది. పొరపాటున మనిషి ఒంట్లోకి చేరితే ప్రాణాంతకం. మనుషులకు ఇచ్చే విరుగుడు కూడా చేతిలో లేకుండా ఆ సీసా మూత తీయకూడదు.

సూది తగలగానే జంతువు కుప్పకూలడం సినిమాల్లోనే. తొడ కండలో మందు దిగినా దుప్పి కొన్ని నిమిషాలు నడుస్తూ, తూలుతూ పోతుంది. ఆ సమయంలో వెంబడిస్తే బెదిరి పరుగెత్తి ఒంటి వేడి పెంచుకుంటుంది. పడ్డాక కళ్లకు గంతలు కట్టి, పక్కకు ఒరగకుండా ఛాతీ మీద కూర్చోబెడతారు. మెడ ఎత్తి ముక్కును కిందికి వంచితే చొంగ బయటికి కారిపోతుంది, ఊపిరితిత్తుల్లోకి పోదు. నెమరువేసే జంతువు కాబట్టి పొట్ట ఉబ్బరాన్నీ గమనిస్తూ ఉండాలి. ఒంటి వేడి 41 డిగ్రీల సెల్సియస్ దాటితే చన్నీళ్లతో తడపాలి.

లేచి అడవిలోకి పోయిన దుప్పి బతికినట్టేనని చెప్పలేం. భయం, పెనుగులాటల వల్ల కండరాలు దెబ్బతిని కొన్ని రోజుల తర్వాత, ఒక్కోసారి వారాల తర్వాత కూడా చనిపోవచ్చు. అప్పటికి లెక్క రాసుకునేవారు అక్కడ ఉండరు. అందుకే మందలను తరలించేటప్పుడు మత్తు జోలికి పోకపోవడమే మేలు. 2015లో కన్హా నుంచి సాత్పురాకు బారసింగాలను పంపినప్పుడు ఆఫ్రికాలో పుట్టిన 'బోమా' పద్ధతినే ఎంచుకున్నారు. గరాటులా కట్టిన దడిలోకి మందను మెల్లగా తోలి, నేరుగా లారీ ఎక్కించడమే ఆ పద్ధతి.